పిస్టల్ మూతికి పెట్టించిన తొడుగు

మా ఆయన పిస్టల్‌కి సైలెన్సర్ పెట్టించాడట. నేను స్టేషన్‌కి ఫోన్ చేసి పట్టించానట. రేపల్లెలో ఈ కథ చెప్పేవాళ్లకు కొదవ లేదు. బస్టాండు దగ్గర టిఫిన్ హోటల్లో ఒకరకంగా, పెళ్లి భోజనాల దగ్గర ఇంకోరకంగా చెబుతారు. ఒక పెళ్లిలో నా పక్క కుర్చీలో కూర్చున్నావిడ నేనెవరో తెలియక నా కథ నాకే చెప్పింది. "ఆవిడ నోరు అలాంటిదండి, మొగుణ్ని కూడా వదల్లేదు" అంది. పప్పులో నెయ్యి కలుపుకుంటూ మొత్తం విన్నాను. "ఆవిణ్ని మీరు చూశారాండి?" అని అడిగాను. "చూడకపోవడమేంటండి, బాగా తెలుసు" అంది.

నోటి సంగతి ఒప్పుకుంటాను. మిగతా రెండూ అబద్ధం.

సైలెన్సర్ చప్పుడు తగ్గిస్తుంది. మా ఆయన పెట్టించింది చప్పుడు పెంచింది. దాన్ని కాంపెన్సేటర్ అంటారు. పిస్టల్ పేలినప్పుడు వెనక్కి తన్నుతుంది, తన్నినప్పుడు దాని మూతి పైకి లేస్తుంది. మూతి చివర వేలెడంత ఇనప తొడుగు బిగించి, దాని పైభాగంలో సందులు కోస్తారు. గుండుని తోసుకుంటూ వచ్చే వేడి గాలి కొంత ఆ సందుల్లోంచి పైకి కొట్టి, మూతిని కిందకి అదుముతుంది. అంతే దాని పని. నేను బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ చదివినదాన్ని. తుపాకుల గురించి మాకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఇదంతా మా ఆయనతో పోట్లాడటానికి నేర్చుకున్నాను.

ఎందుకు పోట్లాడానంటే, ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఆయన దాన్ని ఒప్పుకోడు. ఆ చేతిలోకే నెలకోసారి తూటాలున్న పిస్టల్ వచ్చేది. ఎవరి ప్రాణమో పోకముందే అది ఆ చేతిలోంచి దిగాలని నా తాపత్రయం. పిస్టల్ మీద నాకు వేరే పగ ఏమీ లేదు.

నోట్ల సంచులతో బ్యాంకుకి వెళ్లే రోజుల్లో మా మామగారు లైసెన్సు తీసుకున్నారు. రైస్ మిల్లు వాళ్లకు అప్పట్లో అది అవసరం, కాస్త దర్జా కూడా. ఆయన పోయాక మిల్లుతోపాటు పిస్టల్ కూడా మా ఆయనకు వచ్చింది. ఇప్పుడు డబ్బంతా ఫోన్లలోనే తిరుగుతోంది, పిస్టల్‌కి మిల్లులో పని లేదు. అయినా మా ఆయన దాన్ని వదల్లేదు. షూటింగ్ క్లబ్బులో చేరి, నెలకోసారి వెళ్లి అట్ట మీద గుండ్రాలు గీసిన గురికి కాల్చడం నేర్చుకున్నాడు. బాగా కాల్చేవాడు కూడా. అబద్ధమెందుకు, ఏడాదికోసారి జరిగే పోటీకి నేనూ వెళ్లి చప్పట్లు కొట్టేదాన్ని.

చెయ్యి సంగతి నాకు మిల్లులో తెలిసింది. ధాన్యం బేరం అరచేతిలో జరుగుతుంది. బస్తాలో గొట్టం గుచ్చి తీసిన గింజల్ని అరచేతిలో పోసుకుని, రెండో అరచేత్తో నలిపి, ఊక ఊదేసి, మిగిలిన బియ్యాన్ని రైతు ముందుకి చెయ్యి చాపి చూపించాలి. నూక ఎంత, రంగు మారినవి ఎన్ని, పచ్చిగింజ ఉందా లేదా, ఇద్దరూ ఆ చేతి మీదకి వంగి చూసుకుంటారు. పళ్లెంలో పోస్తే రైతుకి నమ్మకం కుదరదు. మా మామగారి నుంచి మా ఆయన నేర్చుకున్న మొదటి పని అది. అలాంటి మనిషి ఉన్నట్టుండి గింజల్ని న్యూస్‌పేపర్ మీద పోయించడం మొదలుపెట్టాడు. గుమాస్తా దాన్ని కూడా మెచ్చుకున్నాడు. "అయ్యగారు శుభ్రం పాటిస్తున్నారండి" అన్నాడు. నేను ఆఫీసు గది కిటికీలోంచి చూశాను. ఒక ముసలి రైతు ఒప్పుకోక మా ఆయన చేతిలోనే గింజలు పోశాడు. ఆ గింజలు పెనం మీద నీటిచుక్కల్లా గెంతాయి. మా ఆయన గుప్పిట మూసేశాడు.

ఆ రోజు అన్నం దగ్గర అడిగాను.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏంటి ఎన్నాళ్ల నుంచి?"

"చెయ్యి."

"బస్తా ఎత్తాను, నరం పట్టింది."

"మీరు బస్తా ఎత్తి ఎన్నేళ్లయింది? మన పెళ్లి ఫొటోలో కూడా కూలీలే ఎత్తుతున్నారు."

"అన్నం తిననిస్తావా?"

ఎడంచేత్తో గ్లాసు ఎత్తుకుని మంచినీళ్లు తాగాడు. డాక్టర్ మాట ఎత్తితే లేచిపోయేవాడు. ఎత్తకపోతే నాకు నిద్రపట్టేది కాదు.

ఆ ఏడు పోటీలో ఆయన కాల్చిన గుండ్లు అట్టంతా చెదిరిపోయాయి. ఇంటికొచ్చి పిస్టల్ బల్ల మీద పెట్టి, దానికేదో జబ్బు చేసినట్టు చూశాడు.

"దీని మూతి పైకి లేస్తోంది. రెండో గుండు ఎక్కడికి పోతుందో తెలీట్లేదు."

"మొదటిది ఎక్కడికి పోయింది?"

"అదీ కాస్త పక్కకే పోయింది."

"తన్నడం పేలాక కదా. మొదటి గుండు బయటికి పోయేటప్పటికి మూతి ఎక్కడ లేచింది? మరి దానికి ఏ వంక చెబుతారు?"

"చదువుకున్నదాన్ని చేసుకోవద్దని మా నాన్న చెప్తూనే ఉన్నాడు" అన్నాడు.

"డిగ్రీ మధ్యలో మానేసినవాణ్ని చేసుకోవద్దని నాకెవరూ చెప్పలేదు" అన్నాను.

నవ్వుకోవాల్సిన మాటలే. ఎవరమూ నవ్వలేదు. ఆ వారమంతా ఆయన ఫోన్‌లో వీడియోలు చూశాడు. ఎక్కడో పరదేశాల్లో టోపీలు పెట్టుకున్న లావుపాటి మనుషులు ఒకే పిస్టల్‌ని తొడుగు లేకుండా ఒకసారి, తొడుగుతో ఒకసారి కాల్చి చూపిస్తున్నారు. తొడుగు పెట్టాక మూతి కదలట్లేదు. "చూశావా" అని నా మొహం ముందు ఫోన్ ఊపాడు. ఆ వీడియోల కింద కామెంట్లు ఆయన చదవలేదు. నేను చదివాను.

సెమీ ఆటోమేటిక్ పిస్టల్ ఆ తన్ను మీదే బతుకుతుంది. ఒక గుండు పేలగానే ఆ దెబ్బకి పైన ఉన్న ఇనప జారుడు, దాన్ని స్లైడ్ అంటారు, వెనక్కి పోతుంది. పోతూ పేలిన తూటా తాలూకు ఖాళీ డొల్లని బయటికి విసిరేస్తుంది. లోపలి స్ప్రింగ్ తోస్తే మళ్లీ ముందుకొస్తూ, కింద పిడిలో తూటాలుండే మేగజైన్ లోంచి ఇంకో తూటాని ఎక్కించుకుంటుంది. తన్ను తగ్గించాలని తొడుగు తగిలిస్తే, కొన్ని పిస్టళ్లలో స్లైడ్ పూర్తిగా వెనక్కి పోదట. మధ్యలో ఇరుక్కుంటుందట. ఏ పిస్టల్‌కి ఏ తొడుగు, ఏ స్ప్రింగ్, ఏ తూటా అని లెక్క చూడకుండా పెట్టొద్దని చాలామంది రాశారు. అదంతా ఆయనకు చదివి వినిపించాను.

"కామెంట్లు రాసేవాళ్లకు పనీపాటా ఉంటుందా?" అన్నాడు.

తెనాలిలో ఆయన హైస్కూలు స్నేహితుడు ఒకాయన లేతు షాపు నడుపుతాడు. మిల్లు షాఫ్టులు, పుల్లీలు ఆయనే చేసిపెడతాడు. పిస్టల్‌ని దాని తోలు పౌచ్‌లో పెట్టి నడుముకి తగిలించుకుని మా ఆయన బయల్దేరాడు. నేనూ బయల్దేరాను. కారు తానే నడుపుతానంటాడని రైల్లో వెళ్దామని పట్టుబట్టాను. తెనాలి దాకా ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని చెరో కిటికీలోంచి చూశాం. మాగాణి అంతా ఒకే పచ్చ. ఆయన చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.

లేతు షాపాయన ఆ పిస్టల్‌ని చూసి కొత్త అల్లుణ్ని చూసినట్టు సంబరపడ్డాడు.

"మీరేం భయపడకండి వదినగారూ. బుల్లెట్ బండి సైలెన్సర్ నుంచి రొయ్యల చెరువులో ఏరేటర్ దాకా నేను చెయ్యని పని లేదు."

"అందులో మనిషిని చంపేది ఏదైనా ఉందా?"

"ఏరేటర్ ఒక్కోసారి షాక్ కొడుతుందండి" అన్నాడు ఏమాత్రం తడుముకోకుండా.

"లైసెన్సు ఉన్నవాడి తుపాకీని లైసెన్సు ఉన్న రిపేరువాడే ముట్టుకోవాలి. తెలుసా మీకు? ఇద్దరూ కలిసే లోపలికి పోతారు."

"గొట్టానికి గొట్టం తగిలించడమే కదా వదినా. మోటారు పంపుకి తగిలించమా?"

"పంపుకి నీళ్లు రాకపోతే మళ్లీ విప్పుతాం. దీనికి అలా కుదురుతుందా?"

మా ఆయన మధ్యలో వచ్చి, "దానికి ఇంట్లో వాదించడం సరిపోలేదు, అందుకే రైలెక్కి వచ్చింది" అన్నాడు. లేతు షాపాయన పగలబడి నవ్వాడు. ఇద్దరు మగవాళ్లు కలిసి నవ్వాక ఇంక నా మాటకి విలువేముంది? పిస్టల్‌ని అక్కడ వదిలిపెట్టి రావడానికి మాత్రం నేను ఒప్పుకోలేదు. కొలతలు తీసుకునేదాకా స్టూలు మీద కూర్చున్నాను. తర్వాత మళ్లీ వెళ్లి తొడుగు బిగించేదాకా కూడా అదే స్టూలు మీద కూర్చున్నాను. మిషన్ తిరుగుతుంటే ఇనప పొట్టు సుడులు సుడులుగా నేలమీద పడింది. పని అయ్యాక చూస్తే, పిస్టల్ మూతికి చిన్న డబ్బా అతికించినట్టుంది. లేతు షాపాయన చిన్న తాళంచెవిలాంటి ముక్క ఒకటి మా ఆయన చేతికిచ్చాడు. "ఎప్పుడు కావాలంటే అప్పుడు దీంతో విప్పేసుకో, చిటికెలో పని" అన్నాడు.

కాల్చి చూడాలి కదా. క్లబ్బుకి తీసుకెళ్తే అడుగుతారు. మా ఆడపడుచు వాళ్లది బాపట్ల. సముద్రం వైపు వాళ్లకు సరుగుడు తోట ఉంది. ఆవిడ భర్తని నేను అన్నయ్యగారు అంటాను. ఆయనే కారులో వచ్చి మమ్మల్ని తీసుకెళ్లారు. లేతు షాపాయన తెనాలి నుంచి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం, చుట్టుపక్కల ఎవరూ లేరు. ఇసక దిబ్బకి ఆనించి అట్ట నిలబెట్టారు. ఇది తప్పని, అట్ట వెనక ఏముందో చూసుకోవాలని, కూలీలెవరైనా వస్తారని అన్నాను. "చెల్లెమ్మా, కూలీలకు ఈ రోజు సెలవిచ్చేశాను, నీకూ కాసేపు ఇచ్చుకో" అన్నారు అన్నయ్యగారు.

నేను మా ఆయనకి కాస్త వెనగ్గా, ఎడం పక్కన నిలబడ్డాను. మిగతా ఇద్దరూ నా వెనకాల ఉన్నారు.

మొదటిది పేలింది. నేను అంత చప్పుడు ఎప్పుడూ వినలేదు. క్లబ్బులో విన్నది దీని ముందు తలుపు వేసిన చప్పుడే. తొడుగు పై సందుల్లోంచి మంట లేచింది. పైన కొమ్మల్లోంచి ఎండు సరుగుడు పుల్లలు రాలాయి. చెవుల్లో గుయ్యిమని ఒకటే మోత. లేతు షాపాయన గంతులేస్తూ ఏదో అంటున్నాడు. నోరు కదలడమే గాని మాట నాకు అందలేదు. మూతి లేవలేదని ఆయన సంతోషం. నిజంగానే లేవలేదు. అట్ట మీద మాత్రం గుండు ఎక్కడా తగల్లేదు.

మా ఆయన మళ్లీ కాల్చాడు. దిబ్బలో ఇసక ఎగిరింది. ఇంకోసారి నొక్కాడు. ఈసారి ఏమీ పేలలేదు.

స్లైడ్ సగం దారిలో ఆగిపోయింది. పేలిన తూటా డొల్ల బయటికి ఎగరకుండా సందులో నిలువుగా ఇరుక్కుంది. కామెంట్లలో చదివిందే. ఆ మాట అనాలని నోరు తెరిచాను. అంతలో మా ఆయన వెనక్కి తిరిగాడు.

పిస్టల్ చేతిలో పట్టుకునే తిరిగాడు. వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. ఏం జరిగిందో స్నేహితుడికి చూపించాలని తిరిగాడు, అంతే. ఆయన పెదాలు "ఏంటిరా ఇది" అన్నట్టు కదిలాయి. మూతి సరిగ్గా నావైపు ఉంది. అది ఒకచోట నిలవట్లేదు. నా రొమ్ము దగ్గర్నుంచి మెడ దాకా వస్తోంది, మళ్లీ కిందకి పోతోంది. కొత్త తొడుగు బరువు తోడై చెయ్యి ఇంకా ఎక్కువ వణుకుతోంది. లోపల తూటా ఎక్కిందో లేదో, ఇరుక్కున్నది ఎప్పుడు వదులుతుందో ఎవరికి తెలుసు?

"కింద పెట్టండి" అన్నాను. ఆయనకి వినపడలేదు. అరిచాను. "ఏంటి?" అన్నట్టు మొహం పెట్టి ఇంకో అడుగు నావైపు వేశాడు. నా వెనకాల అన్నయ్యగారు చెట్టు చాటుకి పోయారని తర్వాత తెలిసింది. లేతు షాపాయన అక్కడే బొమ్మలా నిలబడిపోయాడు. నేను పరిగెత్తితే నన్ను చూడటానికి మూతి నాతోపాటే తిరుగుతుందనిపించింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఏ గొడవలోనైనా నాకు ఆసరా నా నోరే. ఆ రోజు అది నాకు పనికిరాలేదు.

ఎక్కణ్నుంచి తట్టిందో తెలీదు. చెయ్యి చాపి, అరచెయ్యి బోర్లించి, కిందకి రెండుసార్లు అదిమాను. మిల్లులో కాటా దగ్గర మిషన్ల మోతలో మాటలు వినపడవు. బస్తా దించమని చెప్పడానికి ఆ సైగ చేస్తాం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన ఆ సైగ చేస్తున్నాడు, చూస్తున్నాడు. ఆయన కళ్లు నా చేతి మీద పడ్డాయి. ఆలోచించలేదు. నెమ్మదిగా గొంతుక్కూర్చుని పిస్టల్‌ని ఇసకలో పెట్టాడు. మూతి సముద్రం వైపు తిరిగింది. చెయ్యి తీసేసి లేచి నిలబడ్డాడు.

ఆయన తన కుడిచేతిని చూసుకున్నాడు. నేను చూస్తున్నానని గమనించి జేబులో పెట్టుకున్నాడు.

చెవులు కాస్త కుదుటపడ్డాక లేతు షాపాయన నోరు తెరిచాడు. "స్ప్రింగ్ మారిస్తే సరిపోతుంది వదినా, చిన్న పని" అన్నాడు. ఆయనకి నేను చెప్పిన జవాబు రాయడానికి వీల్లేదు. అన్నయ్యగారు కిందకి చూస్తూ చెప్పుకి అంటిన ఇసక దులుపుకున్నారు. ఇరుక్కున్నదాన్ని మా ఆయనే విప్పి, తూటాలన్నీ బయటికి తీశాడు. చాలాసేపు పట్టింది. నేను ఆయన పక్కనే కూర్చుని మూతి ఎటుందో చూస్తూనే ఉన్నాను. ఇంటికొచ్చాక పిస్టల్‌ని బీరువాలో పెడుతూ, "స్ప్రింగ్ మార్చాలి" అన్నాడు మా ఆయన.

ఆ తర్వాత కొన్నాళ్లు మా ఇంట్లో మాటలు లేవు. నేను మాట్లాడకపోవడం చూసి పనిమనిషి భయపడింది, ఒంట్లో బాలేదా అమ్మా అని అడిగింది. నాకు ఒకటే భయం. ఆయన మళ్లీ తెనాలి వెళ్తాడు, స్ప్రింగ్ మార్పించుకుంటాడు, ఇంకో మధ్యాహ్నం ఇంకో తోటలో ఇంకెవరి వైపో తిరుగుతాడు. బీరువా తాళాలు దాచాలనుకున్నాను. దాస్తే చిన్నపిల్లాణ్ని చేశానంటాడు. లాక్కుంటే నేరం నాది. చెయ్యి వణుకుతోందని ఆయన నోటితో ఆయన ఒప్పుకుంటే తప్ప దారి లేదు. ఆయన ఒప్పుకోడు.

అంతలో ఎన్నికలు వచ్చాయి. ఎన్నికలు ప్రకటించాక లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పగించాలి. ఫలితాలు వచ్చాక తెచ్చుకోవాలి. మాకిది అలవాటే. తుపాకులున్న పెద్దమనుషులందరూ తెల్లపంచెలు కట్టుకుని అక్కడ కలుస్తారు. డబుల్ బ్యారెల్ తుపాకుల్ని దుప్పట్లో చుట్టుకుని వస్తారు, టీలు తాగుతారు, ఎవరు గెలుస్తారో పందాలు కాస్తారు. స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. మా ఆయన పొద్దున్నే స్నానం చేసి బయల్దేరాడు. నేనూ వస్తానన్నాను. "రా" అన్నాడు. కాదనకపోవడం నాకు వింతగా అనిపించింది.

స్టేషన్ వరండాలో ఎప్పటిలాగే సందడి. మా ఆయన వంతు వచ్చింది. బల్ల మీద తువ్వాలు మూట విప్పాడు. అందులో పిస్టల్. దాని మూతికి ఆ తొడుగు.

విప్పకుండానే తెచ్చాడని నాకు అప్పుడే తెలిసింది.

అక్కడున్న హెడ్ కానిస్టేబుల్ ప్రతి ఎన్నికలకూ ఆ పిస్టల్‌ని చూస్తున్నవాడే. "ఏంటి సార్, దీనికి తొండం మొలిచింది?" అన్నాడు. వెనకాల ఒకరిద్దరు నవ్వారు. లోపల్నుంచి ఎస్సై వచ్చాడు, చిన్నవయసువాడు, మర్యాదస్తుడు.

"ఇది మీ లైసెన్సులో ఉన్నదేనా సార్?"

"అదేనండి."

"ఈ ముక్క ఎప్పుడు పెట్టారు? ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టుకున్నాను."

"ఏ మిషన్ మీద సార్?"

"మిల్లులో ఉన్నాయి కదండి మిషన్లు."

"వడ్లు ఆడించే మిషన్ మీదా?" అన్నాడు ఎస్సై. ఈసారి ఎవరూ నవ్వలేదు. మా ఆయన స్నేహితుడి పేరు చెప్పలేదు. చెప్పడని నాకూ తెలుసు.

హెడ్ కానిస్టేబుల్ కాగితం మీద "సైలెన్సర్" అని రాయబోయాడు. ఇంక నేను ఊరుకోలేకపోయాను. "సైలెన్సర్ కాదండి, కాంపెన్సేటర్. అలా రాయొద్దు" అన్నాను. "ఏదైతేనేం అమ్మా?" అన్నాడు. "ఏదైతేనేం ఏంటండి? ఒకటి దొంగచాటుగా చంపేవాళ్లు పెట్టుకునేది. ఒకటి గురి తప్పుతుందని పెట్టుకునేది. మీకు తేడా తెలియకపోతే తెలిసినవాళ్లని పిలవండి" అన్నాను. గొంతు పెద్దదైంది, నిజమే. వరండాలో ఉన్నవాళ్లందరికీ నా గొంతే వినపడింది, మాటలు వినపడలేదు. మొగుడి మీద ఫిర్యాదు చేస్తున్నానని అక్కడే పుట్టింది కథ. ఫోన్ అన్నది తర్వాత ఎవరో అతికించారు.

ఎస్సై ఓపిగ్గా విన్నాడు. "సరే మేడమ్, మీరన్నట్టే రాస్తాం. సార్, దాన్ని మా ఎదురుగా విప్పండి" అన్నాడు.

మా ఆయన జేబులోంచి ఆ తాళంచెవి ముక్క తీశాడు. దాన్ని తొడుగు పక్కనున్న చిన్న బెజ్జంలో పెట్టాలి. పెట్టబోతే జారింది. మళ్లీ పెట్టబోయాడు. ఇనుముకి ఇనుము తగిలి టకటకమంటోంది. అందరూ మాటలు ఆపేశారు. ఆ టకటక ఒక్కటే వినపడుతోంది. నేను చెయ్యి చాపాను. "మీరు ముట్టుకోకూడదు మేడమ్" అన్నాడు ఎస్సై. అన్నది న్యాయమే. మా ఆయన నుదురంతా చెమట. ఆయన్ని అలా చూడలేక గోడ మీద ఫొటోలవైపు చూశాను. ఎంతసేపు గడిచిందో తెలీదు.

మా ఆయన ఆ ముక్కని బల్ల మీద పెట్టేశాడు.

"నావల్ల కాదండి. చెయ్యి నిలవట్లేదు. ఏడాదిగా ఇలాగే ఉంది" అన్నాడు.

నేను ఎన్నిసార్లు అడిగినా నాకు చెప్పని మాట, ముక్కూమొహం తెలియని కుర్ర ఎస్సైకి చెప్పాడు. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. కోపం మాత్రం వచ్చింది. ఎస్సై లేచి ఆయనకి కుర్చీ వేశాడు. "కూర్చోండి సార్, నీళ్లు తాగండి" అన్నాడు.

తర్వాతిది చెప్పడానికి పెద్దగా లేదు. పిస్టల్ అక్కడే ఉండిపోయింది. సంగతి బాపట్ల కలెక్టరాఫీసుకి వెళ్లింది. మా ఆయన ఏ వాదనా పెట్టుకోకుండా, లైసెన్సు వద్దు, ఆరోగ్యం బాలేదని రాసిచ్చేశాడు. లాయరు పోరాడదామన్నాడు. నేనూ లాయరు వైపే వాదించాను, పిస్టల్ కావాలని కాదు, ఆయన తలొంచుకోవడం చూడలేక. "నువ్వు ఏ వైపూ ఊరుకోవా?" అన్నాడు మా ఆయన. డాక్టర్ దగ్గరికి కూడా తనే బయల్దేరాడు. మాత్రలు వాడుతున్నాడు. వణుకు కొంత తగ్గింది, పోదన్నారు. ఇప్పుడు గింజల్ని ఎడం అరచేతిలో పోసుకుని చూపిస్తున్నాడు. రైతులు అలవాటుపడ్డారు.

నాకు తేలనిది ఒకటుంది. పౌచ్ సంగతి. ఇన్నేళ్లూ స్టేషన్‌కి ఆ తోలు పౌచ్‌లోనే తీసుకెళ్లాడు. తొడుగు పెట్టాక పిస్టల్ అందులో పట్టదు. అంటే ఆ పొద్దున పౌచ్ తీశాడు, పట్టలేదు, తువ్వాలు వెతుక్కున్నాడు. చుట్టేవాడికి తొడుగు కనపడకుండా ఎలా ఉంటుంది? చిటికెలో విప్పొచ్చన్న తాళంచెవి జేబులోనే ఉంది. విప్పేసి ఇస్తే ఎవరూ ఏమీ అడిగేవారు కాదు, ఫలితాలు వచ్చాక పిస్టల్ మళ్లీ మా బీరువాలోకి వచ్చేది. రానివ్వకూడదనే అలా తీసుకెళ్లాడని ఒకసారి అనిపిస్తుంది. అన్నయ్యగారు అలా కాదంటారు. "వాడు ఇంట్లో విప్పడానికి చూసి ఉంటాడమ్మా, చెయ్యి ఆగక వదిలేసి ఉంటాడు. చూసీచూడనట్టు వదిలేస్తారులే అనుకున్నాడు" అంటారు. అదీ నిజం కావచ్చు. ఆ నెలలోనే మా ఆయన కళ్లజోడు పెట్టుకుని కళ్లజోడు వెతుక్కోవడం కూడా చూశాను.

అడిగాను. ఒక్కసారి కాదు. అడిగినప్పుడల్లా పేపర్ తిప్పుతూ, "ఇప్పుడెందుకే అదంతా" అంటాడు. అది జవాబు కాదు. ఏవండీ, ఈ ఒక్కటీ చెప్పండి, మీతో వాదించను. ఆ పొద్దున అది చేతిలోంచి దిగిపోవాలనే అలా మూటకట్టి తీసుకెళ్లారా, లేక విప్పలేక తీసుకెళ్లారా?